దించని గరగ

మొగలిలంకలో ఏ పెద్దమనిషి ఎంత పెద్దమనిషో తెలియాలంటే తాతబ్బాయిని అడగాలి. ఊరి బట్టలన్నీ తాతల నాటి నుంచీ వాళ్ళ రేవుకే వస్తాయి. పొద్దున్నే మల్లెపువ్వులాంటి పంచె కట్టుకుని, అరుగు మీద కాలు మీద కాలేసుకుని ఊరందరికీ నీతులు చెప్పే మనిషి పంచె, నాలుగు రోజులు పోయాక మూటలో ఏ వాసన వేస్తుందో, ఏ చెంగున ఏ మరక ఉంటుందో, దాన్ని బండకేసి కొట్టేవాడికే తెలుస్తుంది. తాతబ్బాయికి అన్నీ తెలుసు. తెలిసీ నోరు మూసుకునేవాడు. ఎవరేమన్నా "ఆయ్, అలాగేనండీ బాబూ" అని మూట నెత్తికెత్తుకునేవాడు. రేవులో దిగాక మాత్రం ఒక్కొక్క గుడ్డనీ బాదుతూ, అది తొడుక్కున్న మనిషిని కూడా కలిపి బాదేవాడు. "పైన పటారం, లోన లొటారం. థూ!" అనేవాడు. పక్క బండ మీద వాళ్ళావిడ కాంతం, "ఊరి మీద కోపం గుడ్డ మీద తీరిస్తే పిగిలిపోద్దయ్యా, మళ్ళీ ఆ మాటా మనవేఁ పడాల" అనేది.

ఈ ఈసడింపంతా ఏడాది పొడుగునా అలా లోపల ముక్కిపోతూ ఉండేదా, జాతర నెల వచ్చేసరికి తాతబ్బాయికి పండగయ్యేది. ఎందుకంటే ముత్యాలమ్మ గరగ ఎత్తే హక్కు ఊళ్ళో వాళ్ళ ఇంటిదే. రాజులాంటి రైతులున్నారు, కొబ్బరితోటలున్న కామందులున్నారు, ఎవరున్నా ఏం లాభం! అమ్మ ఎక్కేది తాతబ్బాయి నెత్తి మీదే.

గరగంటే ఇత్తడి బిందె. వెనక నాగపడగ, చుట్టూ వేపమండలు, ఎర్రగుడ్డ, పసుపు, కుంకం. దాన్ని నెత్తిన పెట్టుకుని, చెయ్యి ఆనించకుండా, డప్పుల దరువుకి ఇల్లిల్లూ తిరిగి ఆడాలి. తాతబ్బాయికి వాళ్ళ నాన్న మీసం రాకముందే నేర్పాడు. నేర్పడమంటే పెద్ద చదువేం కాదు, నీళ్ళ బిందె నెత్తిన పెట్టి, చుక్క తొణికితే వీపు మీద ఒక్కటి ఇచ్చేవాడు. నాన్న పోయాక హక్కు కొడుక్కి వచ్చింది. చీర కట్టి, కాళ్ళకి పసుపు రాసి, గజ్జెలు కట్టి, గరగ ఎత్తాడంటే ఇంక అతను తాతబ్బాయి కాదు, అమ్మ. అందరూ తల్లీ అనాలి. అమ్మ మాట్లాడదు. గరగ నెత్తి మీద ఉన్నంతసేపూ మోసేవాడు పెదవి విప్పకూడదు.

అమ్మ నోరు కాంతం. రాజోలు అవతల నుంచి కాపరానికి వస్తూ ఆ పిల్ల సారె ఏం తెచ్చుకుందో గానీ, గొంతు మాత్రం తెచ్చుకుంది. గరగకి ముందు నడుస్తూ అమ్మ పాట పాడేది కాంతమే. ఆవిడ ఒక చరణం అంటే వెనకున్న ఆడవాళ్ళంతా అదే చరణం అందుకోవాలి. వాళ్ళు అనగానే గుమ్మంలో నిలబడ్డవాళ్ళు "ఆయ్ తల్లీ" అనాలి. అమ్మకి ఏం కావాలో అడిగేది ఆ పాటలోనే. చీరంటే చీర, కోడంటే కోడి. పాటకి ఆయ్ అన్నాక ఇవ్వననడానికి వీల్లేదు. కాంతం కూడా తెలివైన మనిషే, ఎవరింట ఏది ఉందో చూసుకుని అదే అడిగేది.

ఆ నెల్లాళ్ళూ తాతబ్బాయి వైభోగం చూడాలి. ఊళ్ళో వీరాయమ్మ గారని ఒక కామందావిడ ఉండేది. ఏడాదంతా తాతబ్బాయి నీడ పడితే ముగ్గు మీద కూడా నీళ్ళు చల్లించే మనిషి. ఈ నెలలో మాత్రం ఇత్తడి చెంబుతో పసుపునీళ్ళు పట్టుకుని, వంగని మోకాళ్ళు వంచుకుని, అదే తాతబ్బాయి పాదాలు కడిగి, ఆ నీళ్ళు నెత్తిన జల్లుకునేది. "చల్లగా చూడు తల్లీ" అని గొంతు గద్గదం చేసుకునేది. తాతబ్బాయి అలాంటి గుమ్మాల ముందే ఎక్కువసేపు ఆడేవాడు. డప్పులవాళ్ళు ఇక చాలు అన్నట్టు చూసినా వదిలేవాడు కాదు. ఆడినంతసేపూ ఆవిడ చెంబు పట్టుకుని నిలబడాల్సిందే. మర్నాడు రేవులో తలుచుకుని తలుచుకుని నవ్వేవాడు. "ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటేక బోడి మల్లన్న. దాటనిత్తే కదా! మధ్యలోనే ఉంచుతాను" అనేవాడు.

కానీ దాటక తప్పేది కాదు. ఆఖరిరోజు మిట్టమధ్యాహ్నానికి గరగ ఊరంతా తిరిగి గుడికి చేరుతుంది. ఆవేళ అమ్మ దిగేదాకా ఊళ్ళో పొయ్యి వెలిగించరు, ముసలీ ముతకా కూడా మెతుకు ముట్టరు. దించేది మోసినవాడే. ఇంకొకరి చెయ్యి గరగకి తగిలితే అరిష్టం. దించిన మరుక్షణం కేక వినిపించేది. "ఒరే తాతబ్బాయీ! ఆ పందిరి గుడ్డలు విప్పి రేవుకి పట్టుకుపోరా!" తాతబ్బాయి ఆయ్ అని వెళ్ళిపోయేవాడు. అది వింతగా ఎవరికీ అనిపించేది కాదు. నిజం చెప్పొద్దూ, అతనికీ అనిపించేది కాదు.

అనిపించేలా చేసినవాడు జగ్గారావు.

వరిచేలన్నీ తవ్వి రొయ్యల చెరువులు చేసిన రోజులవి. అంతకుముందు జగ్గారావు పాత సైకిలు తొక్కుకుంటూ ముమ్మిడివరం వెళ్ళేవాడు, చైను ఊడితే దిగి తోసుకుంటూ వచ్చేవాడు. రెండు పంటలు రొయ్య కలిసొచ్చేసరికి మెళ్ళో గొలుసు, ఏ వేలూ ఖాళీ లేకుండా ఉంగరాలు, ఇంటికి కొత్త వరండా, గుడి కమిటీకి ప్రెసిడెంటు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అదే బాపతు. తెల్లవారుజామున మైకులో తన గొంతు తానే వినిపించుకునేవాడు. తొంభై నాలుగులో తెల్లమచ్చ రోగం వచ్చింది. చుట్టుపక్కల గట్ల మీద చచ్చిన రొయ్యలు కుప్పలు కుప్పలు. ఆ కంపుకి రోడ్డు మీద ఆటోలు ఆగేవి కావు. జగ్గారావు చెరువు ఒక్కటే ఎలాగో బయటపడింది. అమ్మకి మొక్కుకున్నాడట. ఏం మొక్కుకున్నాడో చూడండి. చీర కాదు, మేకపోతు కాదు. వచ్చే జాతర ఆఖరిరోజు గరగ తానే ఎత్తుతానని!

తాతబ్బాయిని కమిటీ ముందుకి పిలిపించి చెప్పాడు.

"ఒరే తాతబ్బాయీ, ఈసారి ఆఖరిపూట గరగ నేనెత్తుతాన్రా. మొక్కుకున్నాను."

"బాబుగారండీ, అది మా ఇంటి హక్కండీ" అన్నాడు తాతబ్బాయి.

"నీ హక్కు ఎవడు కొరుక్కుతిన్నాడ్రా? నెలంతా నువ్వే ఎత్తుకో. ఆ ఒక్కపూటే నేను. ఎలా ఆడాలో రేపటినుంచి నేర్పు. మన కొబ్బరితోటలోకి వచ్చెయ్, ఎవరూ చూడరు."

కమిటీలో మిగతావాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మొక్కు కదా, కాదంటే ఎలా అన్నారు. అడ్డం చెప్పే గుండె ఒక్కడికీ లేదు, సగం మంది జగ్గారావు దగ్గర చెరువు లీజులున్నవాళ్ళే. తాతబ్బాయి ఆయ్ అని బయటికొచ్చాడు. ఇంటికొచ్చి కాంతం ముందు విరుచుకుపడ్డాడు.

"మొక్కుకోడానికి గుండుంది, పొర్లుదండాలున్నాయి, తులాభారం ఉంది. ఆ సన్నాసికి నా నెత్తే దొరికిందేటే?"

"ఒక్కపూటే కదయ్యా. నీ మెడకీ సుఖవేఁ" అంది కాంతం.

ఆ తోటలో నేర్పుడు భాగోతం చెప్పి తీరాలి. జగ్గారావుకి మెడ అంటూ ఒకటి లేదు, తల నేరుగా భుజాల మీద పెట్టి వదిలేశాడు దేవుడు. నడుం ఉండాల్సిన చోట రొయ్యల మేత బస్తా ఉంది. సగం నీళ్ళు పోసిన బిందె నెత్తిన పెడితే, మొదటి అడుగుకే నీళ్ళు గొలుసు మీదకొచ్చేవి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నెత్తిన గుడ్డ కుదురు బాగా చుట్టలేదనేవాడు, నేల ఎగుడుదిగుడనేవాడు, కొబ్బరాకుల సందులోంచి ఎండ కళ్ళల్లో పడుతోందనేవాడు. తాతబ్బాయి చేతులు కట్టుకుని, "బెమ్మాండంగా వత్తందండి బాబూ. ఇంకొక్క సుట్టు" అనేవాడు. సాయంత్రం రేవులో తడిగుడ్డ నెత్తిన వేసుకుని, పొట్ట ముందుకి తోసి, జగ్గారావులా ఊగి చూపించేవాడు. కాంతం నవ్వలేక నీళ్ళల్లో కూలబడేది. పడేస్తాడు, ఆఖరిపూట నాలుగు వీధుల మధ్య గరగ పడేస్తాడు, అప్పుడు తెలుస్తుంది ఈ ఊరికి అనుకున్నాడు తాతబ్బాయి. అనుకున్న వెంటనే లెంపలేసుకున్నాడు, అమ్మ పడితే ఊరికి అరిష్టం కదా. మళ్ళీ కాసేపటికి అదే అనుకున్నాడు.

జగ్గారావు పడెయ్యలేదు. చుట్టూ నలుగురు వస్తాదులు చేతులు చాచుకుని నడిచారు. ఆట లేదు, పాడు లేదు. బురదలో దిగబడిన గేదెలా అడుగు తీసి అడుగు వేశాడు. కాంతం పాటకి డప్పులవాళ్ళే ఆగి ఆగి, ఆయన అడుగుని బట్టి దరువు వేశారు. అలా ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ గరగ తాతబ్బాయి వీధిలోకి వచ్చింది.

ఇన్నేళ్ళుగా గరగ కింద ఉన్న మనిషి, గరగని ఎదురుగా ఎప్పుడూ చూసి ఎరగడు. ఆవేళే చూశాడు. తన గుమ్మంలో తాను పసుపునీళ్ళ చెంబు పట్టుకుని నిలబడితే, ఎండలో మెరుస్తూ, వేపమండలు ఊపుకుంటూ అమ్మ తన ఇంటికి నడిచి వస్తోంది. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తల్లీ" అన్నాడు. వంగి కాళ్ళు కడిగాడు. కడుగుతూ ఉండగా ఆ కాళ్ళ వేళ్ళకి ఉంగరాలు కనిపించాయి. జగ్గారావు కాళ్ళకి కూడా వెండి ఉంగరాలు పెట్టుకున్నాడు. తాతబ్బాయికి ఒళ్ళు మండిపోయింది. జగ్గారావు మీద కాదు, తన చేతుల మీద.

అంటే, ఆ బిందె కింద ఎవడున్నా ఒకటే. జనం దండం పెట్టేది బిందెకి. ఇన్నాళ్ళూ వీరాయమ్మ గారు నా కాళ్ళు పట్టుకుందని మురిసిపోయానే, ఆవిడ నన్ను చూడనే లేదు. అనుకుంటూ చెంబు కింద పెట్టేశాడు. సర్లే, బిందెకే పెట్టనీ, అందరికీ అదే లెక్క కదా, ఇంకాసేపట్లో జగ్గారావు కూడా దించుతాడు, వాడి పనీ అప్పుడు చూద్దాం అని సర్దుకున్నాడు.

గుళ్ళో జగ్గారావు గరగ దించాడు. దించీ దించకముందే ఎవరో కుర్చీ లాక్కొచ్చారు. ఇంకెవరో కొబ్బరిబోండాం కొట్టి నోటికందించారు. తువ్వాలుతో ఒకడు విసురుతున్నాడు. వీరాయమ్మ గారు స్వయంగా దగ్గరికొచ్చి, "జగ్గారావు గారూ, మీ జన్మ ధన్యమైపోయిందండీ" అంది. జగ్గారావు కళ్ళు మూసుకుని, పెద్ద తపస్సు చేసి దిగినట్టు తల పంకించాడు. తాతబ్బాయి ఒక స్తంభానికి ఆనుకుని చూస్తున్నాడు. తనకి ఇన్నేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు గ్లాసుడు మంచినీళ్ళు ఇచ్చిన పాపాన పోలేదు.

"ఒరే తాతబ్బాయీ, గుడ్లప్పగించి చూస్తావేం? పందిరి గుడ్డలు విప్పరా!"

ఆ కేక జగ్గారావుదే. కుర్చీలో కూర్చునే వేశాడు. తాతబ్బాయి వెళ్ళి గుడ్డలు విప్పాడు గానీ ఆయ్ అనలేదు. అనలేదన్న సంగతి ఎవరూ గమనించలేదు.

ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు. కాంతం అడిగింది, ఏమైందని.

"ఆయన దింపినా గారే. నేను దింపితే ఒరే" అన్నాడు.

"ఎప్పుడూ ఉన్నదేగా."

"ఎప్పుడూ ఉన్నది కాదే. ఇన్నాళ్ళూ అమ్మ దిగిపోయింది కాబట్టి ఒరే అంటన్నారనుకున్నాను. ఈయాళ కూడా అమ్మ దిగిపోయింది. కుర్చీలో ఆయన మిగిలేడు. నేను దింపేక ఏటీ మిగల్లేదేటే? అమ్మతో పాటు నాలోంచి మడిసి కూడా దిగిపోతాడా?"

కాంతం కంచం దగ్గరికి జరిపింది. "గారు కూటికొత్తాదా, గుడ్డకొత్తాదా? తిను" అంది. తాతబ్బాయి తినకుండానే చెయ్యి కడిగేసుకున్నాడు.

ఆ ఏడాది జగ్గారావు గొప్పలు వినలేక ఊరి చెవులు తూట్లు పడ్డాయి. ఐనవిల్లి వెళ్ళినా, నగరం వెళ్ళినా, "అమ్మని మోసిన నెత్తండీ ఇది" అని నెత్తి తట్టుకుని చూపించేవాడు. మెడ పట్టేసి, చాలాకాలం మెడకి పట్టీ వేసుకుని తిరిగాడు. నొప్పి కంటే, పట్టీ అడ్డం వచ్చి గొలుసు కనపడటం లేదనే ఆయన బాధ. దారిలో కనిపించిన ప్రతివాడూ "మెడెలా ఉందండీ జగ్గారావు గారూ" అని పరామర్శ. తాతబ్బాయి మూటతో పక్కనుంచే వెళ్ళేవాడు. అతనికీ ఒక మెడ ఉందని ఎవరికీ తట్టలేదు.

తొంభై ఆరు జాతర వచ్చింది. జగ్గారావు మళ్ళీ ఎత్తుతానంటాడేమోనని ఊరంతా చూసింది గానీ, ఆయన పట్టీ తడుముకుని, "మొక్కు ఒక్కసారేనండీ" అన్నాడు. తాతబ్బాయి ఎప్పట్లాగే చీర కట్టాడు, పసుపు రాశాడు, ఎత్తాడు. ఆ నెల అతను ఆడిన ఆట అంతకుముందు ఆడలేదంటారు. గుమ్మం ముందు నేల అదిరేది. ఎవరి మీదా కసి తీర్చుకున్నట్టు లేదు, ఎవరి గుమ్మం దగ్గరా ఎక్కువసేపు లేడు. వీరాయమ్మ గారు చెంబుతో వస్తే ఆవిడ వైపైనా చూడలేదు. కాంతానికి మాత్రం ఏదో తేడాగా తోచింది. అడిగితే చెప్పేవాడు కాదు.

ఆఖరిరోజు మిట్టమధ్యాహ్నం గరగ గుడికి చేరింది. వైశాఖం ఎండ. పొద్దున్నించీ ఊరికి పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు. పందిరి కింద పిల్లలు ఏడుస్తున్నారు, ఆడవాళ్ళు వాళ్ళని చంకలు మార్చుకుంటున్నారు. గుడి వంటశాలలో ఊరందరి భోజనాలకీ బియ్యం కడిగి, పొయ్యి పేర్చి, అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని వంటవాళ్ళు చూస్తున్నారు. తాతబ్బాయి గుడి ముందు అరుగెక్కాడు. జనం వైపు తిరిగాడు. నిలబడ్డాడు.

దించలేదు.

డప్పులవాళ్ళు ఆఖరి దరువు వేశారు. దించలేదు. మళ్ళీ వేశారు. గరగ కింద మనిషి గుంజలా నిలబడే ఉన్నాడు.

"అమ్మకి ఏదో లోటైంది" అన్నారెవరో. ఆ మాట పందిరంతా పాకింది.

జగ్గారావు ముందుకొచ్చి చేతులు జోడించాడు. "ఏం కావాలి తల్లీ? పట్టుచీర పెడతాను" అన్నాడు. కదలిక లేదు. వీరాయమ్మ గారు, "వెండి కళ్ళు చేయిస్తాను తల్లీ" అంది. లేదు. ఇంకొకరు గుడికి గంటన్నారు, ఒకరు ప్రహరీ గోడన్నారు, ఒకరు వచ్చే ఏడు నుంచి ఆఖరి సంబరం రెండు రోజులన్నారు. ఆకలి పెరిగేకొద్దీ మొక్కులు పెరిగాయి. చిత్రం చూడండి, అంతమందిలో ఒక్కడికైనా, ఆ గరగ కింద ఒక మనిషున్నాడు, వాడికేం కావాలో అన్న ఊహ రాలేదు. ఎండలో మాడుతున్నదీ, మెడ నరాలు తాళ్ళలా తేలుతున్నదీ ఆ మనిషికే. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. ఇప్పుడు అందరికీ కాళ్ళే కనబడుతున్నాయి.

"ఏమే కాంతం, అమ్మేం అడుగుతోందో పాడవేం?" అని కసిరాడు జగ్గారావు.

కాంతం అరుగు దగ్గరికి వెళ్ళింది. వేపమండల సందులోంచి మొగుడి మొహం చూసింది. చెమటకి పసుపు కారి కళ్ళల్లోకి దిగుతోంది, అయినా రెప్ప వెయ్యడం లేదు. దించనిది అమ్మ కాదు, తాతబ్బాయేనని ఆవిడకి తెలిసిపోయింది. ఒక్క చరణం, పట్టుచీర కావాలందమ్మా అని పాడితే చాలు, అక్కడితో సరి. తాతబ్బాయి దించక తప్పదు, అమ్మ నోరు అదే అడిగింది కదా. అందరూ అన్నం తింటారు, తానూ తింటుంది. రేపు మళ్ళీ ఒరే, మళ్ళీ మూట. కావాలంటే అలా పాడొచ్చు. ఇంకోలా పాడితే రేపు ఈ ఊళ్ళో రేవు ఉంటుందో ఉండదో. పోనీ, చీరే అడిగేద్దాం అనుకుంటూ కాంతం వెనక్కి తిరిగింది. తిరిగేసరికి ఎదురుగా జగ్గారావు కనిపించాడు, గొలుసు సర్దుకుంటున్నాడు. ఇంక ఆవిడ ఆగలేదు. గొంతెత్తింది.

"చీరెలొద్దు సారెలొద్దు, సిన్ని కోడి వద్దందమ్మా..."

ఆడవాళ్ళు అందుకున్నారు. "ఆయ్ తల్లీ" అన్నారు మగాళ్ళు, ప్రాణం లేచొచ్చి.

"ఎండి కళ్ళు గోడ గంట, ఏటీ నాకు వద్దందమ్మా..."

"ఆయ్ తల్లీ!"

"నన్ను మోసే మడిసి ఉన్నాడు, నాకు అతడే కావాలందమ్మా..."

"ఆయ్ తల్లీ!"

"దింపేసినా అతడు మడిసే, ఒరే అన్నది చాలందమ్మా, గారు పెట్టి పిలవమందమ్మా..."

ఆడవాళ్ళు ఏం అంటున్నారో చూసుకోకుండా అదే ఊపులో అనేశారు. మగాళ్ళూ అలవాటు కొద్దీ అనేశారు. "ఆయ్ తల్లీ!" అందరికంటే పెద్ద గొంతు జగ్గారావుది. అన్నాక గానీ అన్నదేంటో బుర్రకెక్కలేదు. డప్పులు ఆగిపోయాయి.

జగ్గారావు మొహం నల్లబడింది. "ఇదేం పాటే? ఇది అమ్మ అడిగిందా, నువ్వడిగేవా?"

"అమ్మ నోరు నేనని ఇన్నేళ్ళూ తమరే అన్నారు కదండీ" అంది కాంతం. "తమరు ఆయ్ అన్నారండీ. ఊరంతా ఇంది. అనలేదంటే అమ్మ ముందే సెప్పెయ్యండి, మా ఆయన దింపేత్తాడు."

ఆయ్ అన్నాక కాదనడం ఎలా? ఎవరి మొహం వాళ్ళు నేలకేసి దించుకున్నారు. వెనకనుంచి ఒక ముసలాయన, "అనెయ్యండి బాబూ, కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాడు. జగ్గారావు ఇంకా నీళ్ళు నములుతున్నాడు. అంతలో పాపం ఆయనకి చెరువులు గుర్తొచ్చాయి. రొయ్యపిల్లని వదిలి ఎన్నాళ్ళో కాలేదు, అది ఇంకా చిటికెన వేలంత లేదు. ముందటేడు దక్కించిన అమ్మ ఈ ఏడు కన్నెర్ర చేస్తే? భక్తి అంటే అదీ!

"దింపండి" అన్నాడు. గొలుసు సర్దుకున్నాడు. "దింపండి, తాతబ్బాయి గారూ."

తరవాత వీరాయమ్మ గారు ఆముదం తాగినట్టు మొహం పెట్టి, "దింపండి తాతబ్బాయి గారూ" అంది. ఆ తరవాత ఇంకొకరు, ఇంకొకరు. ఆకలిమీద ఉన్నారేమో, ఊరంతా అనేసరికి ఎంతోసేపు పట్టలేదు. తాతబ్బాయి మోకాళ్ళు వంచి, రెండు చేతులతో గరగ పట్టుకుని, గద్దె మీదకి దించాడు. దించాక మెడ తిప్పబోతే తిరగలేదు. కాంతం పరుగున వెళ్ళి భుజం పట్టుకుంది. కుర్చీ ఎవరూ వెయ్యలేదు. మొగుడూ పెళ్ళాలు అరుగు మీదే కూర్చున్నారు. కాంతమే మంచినీళ్ళు తెచ్చి పట్టింది. వంటశాలలో పొయ్యి వెలిగింది.

"బతికున్నావేటయ్యా?" అంది కాంతం.

"ఉన్నానే. మిగిలేను" అన్నాడు. అని, ఏడ్చాడు.

మెడ సర్దుకున్నాక తాతబ్బాయి బట్టలకని జగ్గారావు ఇంటికి వెళ్ళాడు. జగ్గారావు వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. ఆ మనిషి ఎంత పిరికివాడో అంత జాగ్రత్తపరుడు, చెరువులో పంట బయటపడేదాకా అమ్మతో ఏ పేచీ పెట్టుకోదలుచుకోలేదు. పేపరు దించి నవ్వాడు.

"తాతబ్బాయి గారా! రండి రండి. బాగున్నారాండీ?"

తాతబ్బాయి ఉబ్బిపోయి, వరండా మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఆఁ ఆఁ! ఇటు కాదండీ తాతబ్బాయి గారూ" అన్నాడు జగ్గారావు అంతే మర్యాదగా. "పెరటి దోవన వెళ్ళండి. మూట అక్కడ పెట్టించేనండీ."

తాతబ్బాయి కాలు వెనక్కి తీసుకున్నాడు. ఇల్లు చుట్టి పెరట్లోకి వెళ్ళి, మూట ఎత్తుకుని రేవుకి వచ్చాడు. వచ్చినవాడు బండ మీద మూట పడేసి, పగలబడి నవ్వాడు. కాంతం బెదిరిపోయి ఏమైందంటే, జరిగింది చెప్పాడు.

"ఎదవలు! నోరు ఇచ్చేరు, గుమ్మం దాచుకున్నారు" అన్నాడు.

"మరేం చేత్తావు?"

"నాకేటే, నా మెడ బాగానే ఉంది. ఎంతసేపైనా నిలబడతాను. నువ్వే, వచ్చే జాతరకి గుమ్మం పాట కట్టుకోవాల."

కాంతం మూట విప్పి, పైనున్న జగ్గారావు పంచె లాగి నీళ్ళల్లో ముంచింది. బండకేసి ఒక్క దెబ్బ కొట్టింది, రెండో దెబ్బ కొట్టింది, మూడో దెబ్బకి దరువు కుదిరింది.

"మొదటి చరణం వచ్చేసింది, ఇను" అంది.